పాలపిట్ట మీద అరచెయ్యి

మొన్న దసరాకు, మంచి జరుగుతదని, మీరంతా పాలపిట్టను చూసే ఉంటరు. కరెంటు తీగ మీదనో, చెలక గట్టు మీదనో, ఏం దొరకకుంటే ఫోన్ స్టేటస్‌లనో! మా ఇంటాయన కూడా చూసిండు. మస్కట్‌ల, వాళ్ల రూముల పదకొండు మందితోని కలిసి, నిలవడి, దండం పెట్టి మరీ చూసిండు. గని ఆయన చూసిన పిట్టకు రెక్కలు విప్పారలే. అంచు మీద అంచు, కొస మీద కొస, సక్కగ లోపటికి మడిచి ఉన్నయి. దానికి కారణం ఇంకెవ్వరో కాదు, గీ నా కుడి చెయ్యి. చెప్త ఆగుండ్రి, చాయ్ తాగుకుంట వినుండ్రి. మీరు నవ్వినా నాకేం బాధ లేదు. నేనైతే ఆ నాలుగు దినాలు నవ్వలే, బువ్వ కూడా సక్కగ తినలే.

నా పని మీకు ఎరుకే గదా. జగిత్యాలల చీరల షాపు. పొద్దుగాల కోరుట్లల బస్సెక్కి, ఆధార్ కార్డు చూపెట్టి జీరో టికెట్ తీసుకొని పోత, పొద్దుమీకి వస్త. అమ్మేటోళ్లు వేరే ఉన్నరు. నాది మడతలు పెట్టుడు. ఒక్కొక్క ఆమె వచ్చి కూసొని నలభై చీరలు విప్పిస్తది. "మా ఆడివిడ్డను తీసుకొని మల్లొస్తం" అని లేచి పోతది. ఆ నలభై చీరలను, అసలు ఎవ్వరూ ముట్టనట్టు, మల్ల ర్యాకుల పెట్టాలె.

ఈ పని నేను పెండ్లికి ముందే సిరిసిల్లల నేర్చుకున్న. మాది ముస్తాబాద్ దిక్కు. రోజూ ఆటోల సిరిసిల్లకు పోయి, సాంచాల మీద నేసిన చీరలను మడతలు పెట్టి కట్టలు కట్టే కాడ చేసేదాన్ని. ఆడ సత్తవ్వ అని ఒక పెద్దామె మాకు పని నేర్పింది. ఆమె ఒకటే మాట చెప్పేది. "ప్రతి మడతకు ముందుగాల అరచేత్తోని ఒక్కసారి తుడువాలె బిడ్డా. తుడువకుంట పెట్టిన మడత దొంగ మడత. అది ఎప్పుడో ఒకనాడు బయటపడ్తది." గంతే, గది నా ఒంట్లకు పోయింది. దుప్పటైనా, పేపరైనా, బస్సుల ఒళ్లె పెట్టుకున్న కవరైనా సరే, మడిచేముందు నా చెయ్యి దాని మీద సర్రున పోయి వస్తది. నాకు సోయి లేకుంటనే పోతది.

ఇగ మా ఆయన తిరుపతి. మస్కట్‌ల ఏసీ డక్టులు చేస్తడు. అంటే రేకు మడిచే పని. నాది చీర మడిచే పని, ఆయనది రేకు మడిచే పని, దేవుడు మా ఇద్దరికీ ఇదే రాసి పెట్టిండు. రెండేండ్లు దాటింది పోయి. గీ దసరాకు పక్కా వస్త అన్నడు. మా బిడ్డ సహస్ర, తొమ్మిదేండ్లది, క్యాలెండర్ల రోజుకొక గీత పెట్టుకుంట కూసున్నది. తీరా చూస్తే సైటు పని కాలేదని కంపెనీ వాళ్లు దసరా దాటే దాకా లీవు లేదన్నరు. గా దినం సంది సహస్ర వాళ్ల డాడీతోని మాట్లాడుడు బంద్ చేసింది. ఫోన్ చేతికిస్తే మంచం మీద బోర్ల పెట్టి పోయేది. ఆయన అటు దిక్కు "బిడ్డా... బిడ్డా..." అని మా ఇంటి పరుపుతోని మాట్లాడేటోడు. నాకు చెప్పరానంత బాధ అయ్యేది. ఆయన తిట్టినా బాగుండు.

గా నడుమ వాళ్లిద్దరినీ కలిపింది ఒక గేమ్. నిజంగ గేమ్ కూడా కాదు, కాగితం మడిచే యాప్. ఆయన అంతకుముందే ఒక ట్యాబ్ పంపిండు, వాళ్ల రూములనే ఉండే మల్యాల గంగాధరన్న లీవుకు వస్తే ఆయన చేతికిచ్చి. దాంట్ల తెల్లగ ఒక కాగితం గాలిల నిలవడ్డట్టు కనవడ్తది. ఒక వేలుతోని కొసను పట్టి గుంజితే కొస లేస్తది. రెండు వేళ్లు పెట్టి తిప్పితే కాగితం మొత్తం గిర్రున తిరిగి ఎనుక దిక్కు చూపెడ్తది. వేళ్లతోని గిచ్చినట్టు చేస్తే మడత గట్టిగ కూసుంటది. అన్నిటికన్న గమ్మత్ ఏందంటే, ఒకే కాగితాన్ని ఇద్దరు మడవొచ్చు. సహస్ర కోరుట్లల ఒక మడత పెడితే, ఆయన ఫోన్ల మస్కట్‌ల గా మడత పడ్తది!

శుక్రారం ఆయనకు సెలవు. ప్రతి శుక్రారం పొద్దుమీకి ఫోన్‌ల వీడియో కాల్ పెట్టుకొని, ట్యాబ్ ముందట ఏసుకొని, మడత ఒకరు మడత ఒకరు. ఏం చేస్తున్నరే అంటే సహస్ర పాలపిట్ట అన్నది. "డాడీ దసరాకు రాడు గదా. ఆడ పాలపిట్ట ఏడుంటది? అందుకే మేమే చేస్తున్నం. దసరా నాడు పొద్దుగాల డాడీ ఫోన్ తెరిచి చూడాలె" అన్నది. దానికి ఏ బొమ్మా చూడలే, ఏ వీడియో చూడలే. ముక్కు ఎట్ల రావాలె, రెక్క ఎట్ల విప్పాలె అని తండ్రీబిడ్డలు తన్నుకుంట, నవ్వుకుంట వాళ్లంతల వాళ్లే తయారు చేసిండ్రు. మూడు నెలలు పట్టింది. నీలి రంగు కూడా వేసిండ్రు. రెక్కలు ఇట్లా విప్పి, తోక అట్లా లేపి, ఇగ ఎగురుతదా అన్నట్టు ఉండె. ఒక్క శుక్రారం పని మిగిలింది, కాళ్లు చేస్తే అయిపోతది. నేను పక్కన కూసొని కూరగాయలు కోసుకుంట చూస్తుంటి. ముట్టుకున్నది లేదు.

ముట్టుకోకుంటనే ఉంటే ఎంత బాగుండు!

దసరాకు ఇంక వారం పది రోజులు ఉండంగ, ఒక మంగళారం పొద్దుగాల. పిల్లకు సెలవులు. బతుకమ్మకు గునుగుపువ్వు తెద్దామని మా అత్తతోని కలిసి చెలకల దిక్కు పోయింది. నా బస్సుకు ఇంక పావుగంట ఉన్నది. ట్యాబ్ మంచం మీద ఉన్నది, పిట్ట కనవడుతనే ఉన్నది. నేను తల దువ్వుకుంట అటు చూసిన. ఎడమ రెక్క కొస చిన్నగ పక్కకు పోయి ఉన్నది.

ఎంత చిన్నగ? నూలు పోగంత. వేరేవాళ్లకు కనవడనే కనవడది. గని ఇరవై ఏండ్లు చీరలు మడిచిన కండ్లు ఇవి. అంచు మీద అంచు రాకుంటే నాకు ఆ దినం బువ్వ పోదు. పాపం పిల్ల చేసింది, దసరా నాడు అందరి ముందట వంకరగ ఉంటే ఏం బాగుంటది, ఒక్క కొసను సరి చేద్దాం అనుకున్న. మంచే అనుకున్న. చూసిన గదా నెలల సంది, ఇదేం బ్రహ్మవిద్య?

ఒక వేలు పెట్టి కొసను గుంజిన. వచ్చింది! సక్కగ అంచు మీద కూసున్నది. అబ్బ, ఎంత సంబురమో! ఇగ గిచ్చి మడత గట్టి చేసుడే తరువాయి.

గప్పుడు పోయింది ఈ చెయ్యి. నేను పంపలే. దానంతల అదే పోయింది. మడతకు ముందు తుడువాలె గదా! అరచెయ్యి మొత్తం ఆనించి, ఎడమ దిక్కు నుంచి కుడి దిక్కు దాకా సర్రున తుడిచిన.

ఆ యాప్‌ల అరచేత్తోని తుడుచుడు అంటే ఏందో తెల్సా? మొత్తం విప్పేయుమని. రెక్కలు వాలినయి, తోక ఊడింది, ముక్కు లోపటికి పోయింది, మెడ సాపైంది. కండ్లు మూసి తెరిచేలోపట ఒక్క తెల్ల కాగితం. మూడు నెలల పిట్ట, గునుగుపువ్వు తెచ్చేలోపట లేకపాయె.

మంచం మీద కూలవడ్డ. పిల్ల ఏడుస్తదని కాదు, ఏడిస్తే బుదగరించొచ్చు. మల్ల ఫోన్ పరుపు మీద బోర్ల పడ్తదేమో అని బుగులు. ఇక్కడ విప్పితే అక్కడ కూడా విప్పుకుంటది గదా, ఆయన ఫోన్ల కూడా ఇప్పుడు తెల్ల కాగితమే. పని దినాలల్ల ఆయన అది తెరువడు, శుక్రారమే తెరుస్తడు. అంటే నాకు శుక్రారం దాకా టైమ్ ఉన్నది.

గేటు చప్పుడైంది. నేను ట్యాబ్‌ను టిఫిన్ బ్యాగుల పెట్టుకున్న. నా బతుకుల నేను నా బిడ్డకు అబద్ధం చెప్పింది గప్పుడే. "సహస్రా, ట్యాబ్‌కు గ్లాసు వేయించాలె, పగిలేటట్టున్నది. జగిత్యాల తీసుకపోతున్న" అన్న. అది గునుగుపువ్వు కింద పెట్టి, "జాగ్రత్త అమ్మా, పిట్ట ఉన్నది దాంట్ల" అన్నది. దాని మొఖం దిక్కు చూడకుంట బస్సుకు ఉరికిన.

షాపుల పద్మక్క అని ఉంటది. నాకన్న పెద్దది, కౌంటర్ల చీరలు చూపెడ్తది. ఆమెకు ఒక్కదానికే చెప్పిన. పగటీలి బువ్వ తినే టైముల ఇద్దరం గోదాంల చీరల మూటల నడుమ కూసున్నం. నాకు మడతలు కొన్ని యాదికి ఉన్నయి. కొనలు రెండు కలిపి మూడు మూలలది చేసుడు, మెడ గుంజుడు, గా దాకా వస్తది. గని చీరకు ముందు, ఎనుక రెండే దిక్కులు. గీ కాగితానికి మీద, కింద, పక్క, లోపట అన్నీ దిక్కులే! ఇటు మడిస్తే అటు ఎనుక ఇంకేదో లేస్తది. రెండు వేళ్లతోని తిప్పి చూస్తే నేను పిట్ట మెడ అనుకున్నది తోక అయి కూసున్నది.

అయినా పట్టుబట్టి అర్ధగంటల మెడ తెచ్చిన. రెక్క ఒకటి తెచ్చిన. "వచ్చిందే పద్మక్కా!" అన్న. అనుకుంటనే చెయ్యి పోయింది. సర్ర్. తెల్ల కాగితం.

"ఏందే సుజాతా గట్ల చేసినవ్!"

"నేను చేయలే అక్కా, చెయ్యి చేసింది."

మల్ల మొదలు. మల్ల మెడ. మల్ల సర్ర్. మూడోసారి పద్మక్క నా కుడి మణికట్టును రెండు చేతులతోని పట్టుకున్నది. "ఇగ మడువు, ఎడమ చేత్తోని మడువు" అన్నది. నేను ఎడమ చేత్తోని మడుస్తున్న, కుడి చెయ్యి ఆమె చేతుల గుంజుకుంటున్నది. గప్పుడే మా సేటు ఏదో మూట కొరకు లోపటికి వచ్చిండు. ఒక ఆడిమనిషి ఇంకొక ఆడిమనిషి చెయ్యి ఒడిసి పట్టుకొని ఉన్నది, ఇద్దరం చెమటలు కక్కుతున్నం. ఆయన ఏమనుకున్నడో ఏమో, ఏం అడుగకుంట వచ్చిన తొవ్వ పట్టిండు.

బుధారం గదే. గురారం ఇంకొక మెట్టు. దసరా సీజను గదా, షాపు కిటకిటలాడ్తున్నది, నన్ను కూడా కౌంటర్ మీద చీరలు చూపెట్టుమన్నరు. పెండ్లి బట్టలకు వచ్చిన ఒక పెద్ద కుటుంబం ముందట పట్టుచీర పరిచి ఉన్నది. "కొంగు ఎట్లుందో చూపెట్టు అక్కా" అన్నది పెండ్లిపిల్ల. నేను చీర మీద రెండు వేళ్లు పెట్టి గిర్రున తిప్పిన. చీర తిరుగలే. మల్ల తిప్పిన. ఎంతకూ తిరుగకపోతే కొసను పట్టి రెండు వేళ్లతోని గిచ్చిన. పెండ్లిపిల్ల తల్లి నా దిక్కు వింతగ చూసి, "ఏందమ్మా, పట్టుచీరను గట్ల గిచ్చుతున్నవ్, పురుగేమన్న ఉన్నదా?" అన్నది. పురుగు అన్న మాట వినంగనే ఇంకో ఇద్దరు లేచి నిలవడ్డరు! సేటు నన్ను పక్కకు పిలిచి, మెల్లగ, "సుజాతా, పానం మంచిగ లేదా? ఇయ్యాల గోదాంల కూసో, కౌంటర్ మీదికి రాకు" అన్నడు. ఇరవై ఏండ్ల మడతల పనిల నాకు గంత ఇజ్జత్ ఎన్నడూ పోలే.

ఇంటికి పోతే సహస్ర రోజూ ఒకటే మాట. "గ్లాసు వచ్చిందా అమ్మా?" మంగళారం "దొరకలే" అన్న. బుధారం "సైజు తప్పు వచ్చింది" అన్న. గురారం అడుగలే, నా బ్యాగు దిక్కు చూసి ఊకున్నది. అడిగినా మంచిగుండు. గా ఊకునుడు చూసి, వాళ్ల డాడీతోని మాట్లాడుడు బంద్ చేసిన రోజులు యాదికొచ్చినయి.

శుక్రారం పొద్దుగాల బస్సుల కూసొని ఆఖరుసారి మడిచిన. కుడి చేతిని తొడ కింద పెట్టి దాని మీద కూసున్న. కథలాపూర్ పోయే ఒక ముసలవ్వ బస్సు తప్పెక్కి నా పక్కన కూసొని, "చెయ్యి ఇరిగిందా బిడ్డా?" అని పాపం బాధ పడ్డది. ఏం చెప్పాలె? "అవు అవ్వా" అన్న. జగిత్యాల బస్టాండు వచ్చేసరికి పిట్ట అయ్యింది. కాళ్లు కూడా పెట్టిన! నీలి రంగు వేసిన. మల్ల ఖరాబైతదేమోనని, కింద ఉన్న రైటు గుర్తును, 'అయిపోయింది' అనేదాన్ని నొక్కి, ట్యాబ్ మూసి, గుండె మీద చెయ్యి పెట్టుకున్న.

పొద్దుమీకి ఇంటికొచ్చి, ఎందుకైనా మంచిదని ముందు మా అత్తకు చూపెట్టిన. ఆమె కండ్లద్దాలు పెట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఏంది ఇది, బ్లౌజు పీసా?"

"పిట్ట అత్తమ్మా. పాలపిట్ట."

"ఔనా... మంచిగ మడిచినవ్ గని" అన్నది.

గప్పుడు నాకు కండ్లు తెరుచుకున్నయి. నిజమే. పిట్ట లెక్క లేదు. ముక్కు ఉన్నది, తోక ఉన్నది, గని నడుమ అంతా చదరం. రెక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి, అంచు కలిపి, కొంగు లోపటికి వేసినట్టు. పిల్లది ఎగిరే పిట్ట, నాది కవర్ల పెట్టి ఇచ్చే పిట్ట.

మల్ల మడుద్దామంటే టైమ్ లేదు. కాల్ రానే వచ్చింది. సహస్ర ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి పెట్టింది. ఆయన కనవడ్డడు, ఎనుక మంచాల మీద రూమోళ్లంతా ఉన్నరు. మూడు నెలల సంది ఈ పిట్ట పని వాళ్లకు కూడా అలవాటైంది, శుక్రారం వచ్చిందంటే అందరూ తొంగి చూస్తరు. సహస్ర ట్యాబ్ తెరిచింది. చూసింది. నేను వంటింట్ల గడప కాడ నిలవడ్డ.

"డాడీ, ఇది మనది గాదు" అన్నది.

అటు దిక్కు ఆయన కూడా చూస్తున్నడు. "నువ్వు మడిచినవా బిడ్డా?" అంటే, "నేను ముట్టలే" అన్నది. ఇద్దరూ ఇంకేమన్న అనేలోపటనే స్క్రీన్ మీద ఏదో కదిలింది.

నాకేం తెల్సు? 'అయిపోయింది' నొక్కితే, మొదటి మడత సంది ఆఖరు మడత దాకా అన్నీ సినిమా లెక్క చూపెడ్తదట! ఎక్కడెక్కడ వేళ్లు పెట్టినమో తెల్లగ గుండ్రంగ మచ్చలు కూడా వస్తయట!

మొదలైంది. చిన్న వేలు ఒక మడత, పెద్ద వేలు ఒక మడత. తండ్రీబిడ్డల మూడు నెలలు రెండు నిమిషాలల్ల పోయినయి. రెక్కలు లేచినయి, పిట్ట నిలవడ్డది. తర్వాత ఇంకో వేలు వచ్చింది, ఎడమ రెక్క కొసను చిన్నగ జరిపింది. అటెంక వచ్చింది ఒక పెద్ద అరచెయ్యి. ఐదు వేళ్లు, మెత్తటి మచ్చ మొత్తం, స్క్రీన్ నిండ. సర్ర్. తెల్ల కాగితం.

రూముల ఎవరో "అరెరే!" అన్నరు.

మల్ల మెడ. అరచెయ్యి. మల్ల మెడ, రెక్క. అరచెయ్యి. నాలుగు దినాల నా బాగోతం మొత్తం నడుస్తున్నది, ఆపుదామంటే ఎట్ల ఆపాల్నో నాకు రాదు. అయిదోసారికి మస్కట్‌ల నవ్వుడు షురూ అయ్యింది. పదోసారికి మంచాలు కదులుతున్నయి. అరచెయ్యి వచ్చేముందే "వచ్చె, వచ్చె!" అని మొత్తుకుంటున్నరు. గంగాధరన్న గొంతు పెద్దగ వినవడ్డది. "వదినే! షాపు బంద్ చేసినవా ఇంకా చీరలు చూపెడ్తున్నవా!"

ముసుగేసుకొని మాయమైపోతే బాగుండనిపించింది. గని నేను చూస్తున్నది వాళ్లను కాదు, సహస్రను. అది నవ్వుతలేదు. ఒక్కొక్క అరచేతిని లెక్క పెడ్తున్నది. సినిమా అయిపోయినంక నా దిక్కు తిరిగింది.

"నలభై మూడు సార్లు అమ్మా" అన్నది. "నువ్వు ఎందుకు చెప్పలే?"

ఇగ దాచేదేముంది. "మల్ల డాడీతోని మాట్లాడుడు బంద్ చేస్తవేమోనని బుగులైంది బిడ్డా" అన్న.

అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "కాగితం పోతే మాట్లాడుడు ఎందుకు బంద్ చేస్త? కాగితం ఉన్నదని మాట్లాడుతున్ననా?" అన్నది. తొమ్మిదేండ్లది!

తర్వాత ట్యాబ్‌ను నా ముందటికి జరిపింది. "ఇగో ఇక్కడ బాణం ఉన్నది గదా. విప్పుకున్నంక ఒక్కసారి నొక్కితే మొత్తం మల్ల వచ్చేది. ఒక్కసారి. ఇప్పుడు జర ఎక్కువసార్లు నొక్కాలె, గంతే. మన పిట్ట ఎటూ పోలే."

ఆ బాణాన్ని నేను నాలుగు దినాలు చూసిన. బయటికి పోయే బాణం అనుకొని, దానికి తాకకుంట ఎంత జాగ్రత్తగ మడిచిన్నో నాకెరుక!

సహస్ర వేలు బాణం మీదికి పోయింది. గప్పుడు ఆయన, "ఆగు బిడ్డా" అన్నడు.

రూముల నవ్వుడు ఆగింది.

"గా చెయ్యి నాకు ఎరుకే" అన్నడు. "నేను వచ్చేటప్పుడు మీ అమ్మ నా బ్యాగు సదిరింది. ఒక్కొక్క అంగీ మీద గట్లనే తుడిచి మడిచింది. అన్నీ తొడిగిన గని, నీలి గీతల అంగీ ఒకటి ఇంకా విప్పలే. పెట్టెల అట్లనే ఉన్నది. విప్పితే మల్ల నాకు గట్ల మడుచుడు రాదు."

మా అత్త కొంగుతోని కండ్లద్దాలు తుడుసుకున్నది. నేను ఏం చేసిన? వంటింట్లకు పోయి, ఏం చెయ్యాల్నో తోచక, పొయ్యి బండ మీద ఉన్న మసిగుడ్డను అరచేత్తోని తుడిచి నాలుగు మడతలు పెట్టిన.

ఆఖరుకు సహస్రనే తీర్పు చెప్పింది. నా పిట్టను వేరుగ ఒకటి దాచిపెట్టింది. తర్వాత బాణం నొక్కుకుంట నొక్కుకుంట వాళ్ల పిట్టను తెచ్చుకున్నది. ఇద్దరూ దానికి కాళ్లు పెట్టిండ్రు. "డాడీ, దసరా నాడు నువ్వు రెండూ చూడాలె. ముందుగాల మాది చూడాలె, తర్వాత అమ్మది" అని హుకుం జారీ చేసింది. ఆ ఎడమ రెక్క కొస మాత్రం ఇంకా వంకరగనే ఉన్నది. ఉండనీ. నేను చేతులు రెండూ ఎనుకకు కట్టుకొని నిలవడ్డ. అది ఇప్పుడు మా ఇంట్ల రూలు. శుక్రారం ట్యాబ్ బయటికి వచ్చిందంటే నా చేతులు ఎనుకకు పోవాలె.

దసరా నాడు పొద్దుగాల ఆయన ఫొటో పంపిండు. రూముల గోడకు ఫోన్ ఆనించి ఉన్నది. దాంట్ల నీలి పిట్ట. ముందట మా ఆయన, రూమోళ్లు పదకొండు మంది తానం చేసి, బొట్లు పెట్టుకొని, చేతులు జోడించి నిలవడ్డరు. మా ఆయన ఒంటి మీద ఏ అంగీ ఉన్నదా అని ముందుగాల చూసిన. గీతలది కాదు. కొంచెం నిమ్మలమైంది. గని ఫోన్ల ఉన్న పిట్టను జూమ్ చేసి చూస్తే, ముందుగాల చూడాల్సిన పిల్ల పిట్ట కాదు. నాదే! చదరంగ, అంచు మీద అంచు!

వెంటనే కాల్ వచ్చింది. గంగాధరన్న ఫోన్ గుంజుకున్నట్టున్నడు. "వదినే, పిల్ల పిట్టను చూసినం, దండం పెట్టినం, మంచిగున్నది. ఇగ నీ పిట్టకు కూడా పెట్టినం. మా రూమోళ్లది ఒకటే సవాల్. గిది ఎగురుతదా, లేకుంటే కవర్ల పెట్టి ఇయ్యాల్నా?"

అందరూ నవ్వుతున్నరు. ఆ నవ్వుల మా ఆయన నవ్వు కూడా వినవడ్డది. శానా రోజులైంది విని. నేను కూడా నవ్విన, నాలుగు దినాల బాకీ మొత్తం అప్పుడే నవ్విన.

"దాన్ని ఎగురనియ్యకుండ్రి అన్నా" అన్న. "మడత చెడిపోతది."